కదిలే పన్ను పీకడానికి షుగరు రిపోర్టు ఎందుకు?

పంతులుగారబ్బాయి:
మా అమ్మకి 63. కింది దవడ పన్ను కదులుతోంది, పీకించేద్దామని తీసుకెళ్లా. డాక్టరమ్మ నోరు తెరవమనకముందే మందుల చీటీ అడిగింది, బీపీ చూసింది. గత మూడు నెలల సగటు చెప్పే షుగరు పరీక్ష రాసి "రిపోర్టు తెచ్చాక చూద్దాం" అంది. నా సెలవు, ఆటో డబ్బులు రెండూ వృథా. ఇది జాగ్రత్తంటారా, బేరమంటారా?

కొత్తపేట కుర్రాడు:
బేరమే అన్నా. నేనో పన్ను చూపించుకుందామని వెళ్తే నోరంతా ఎక్స్‌రే తీసి, ఆరు రూట్ కెనాళ్లు, ఆరు క్యాపులు అని కాగితం చేతిలో పెట్టారు. ఇంకోచోట చూపిస్తే పిప్పి పళ్లు రెండేనట. మా తాతల కాలంలో ఊగే పన్నుకి దారం కట్టి లాగేవాళ్లు, ఎవరికేమైంది?

ఖమ్మం పళ్ల డాక్టరు:
ఏమైందో ఎవరు రాసిపెట్టారు తమ్ముడూ? నీ కథ వేరు, ఆయన కథ వేరు. ఆవిడ మనిషిని చూసింది, నీకు నోరంతా కలిపి బిల్లేశారు.
షుగరు ఎక్కువుంటే చిగుళ్లు పాడై పళ్లు కదులుతాయి, పీకిన చోట పుండు త్వరగా మానదు. చిగుళ్లలో చీముంటే షుగరూ ఒక పట్టాన దిగదు. ఒకాయనకి పళ్ల సందుల్లో చిగురు బుడిపెల్లా పెరిగింది. రెండుసార్లు క్లీనింగ్ చేయించినా మళ్లీ అంతే. చీటీ చూస్తే ఆమ్లోడిపిన్, బీపీ మాత్ర. కొందరికి దానివల్ల చిగుళ్లు పెరుగుతాయి. వాళ్ల ఫిజీషియన్ మందు మార్చాకే తగ్గుముఖం పట్టింది.

చరిత్ర చాదస్తం:
ఒళ్లంతా చూడటమూ శ్రుతిమించొచ్చు సార్. 1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లో ప్రసంగిస్తూ, బంగారు క్యాపుల కింద దాగిన చీము ఎన్నో రోగాలకు మూలమన్నాడు. ఇంకేముంది, కీళ్లనొప్పులకీ పళ్లు పీకేశారు. అమెరికాలో ట్రెంటన్ పిచ్చాసుపత్రిలో హెన్రీ కాటన్ పిచ్చి కుదురుతుందని రోగుల పళ్లు ఊడబీకించాడు. పళ్లు పోయాయి, పిచ్చి అలాగే ఉంది.

ఖమ్మం పళ్ల డాక్టరు:
ఒప్పుకుంటా. అందుకే ఏ పరీక్ష రాసినా "ఇందులో తేడా వస్తే మీరు చేసే వైద్యం మారుతుందా?" అని అడగండి. షుగరుకి మారుతుంది. ఆరు క్యాపులన్నవాళ్లని ఎక్స్‌రేలో ఒక్కో పన్నూ చూపించమనండి, అక్కడే తేలిపోతుంది.
పంతులుగారబ్బాయీ, అమ్మగారు ఎముకల మందేమైనా వాడుతున్నారా? ఆ రకం మందుల్లో కొన్నిటివల్ల, పన్ను పీకాక దవడ ఎముక మానకుండా చచ్చుబడే ముప్పుంది. క్యాన్సర్‌కిచ్చే ఇంజెక్షన్లతో ఎక్కువ, మాత్రలతో చాలా తక్కువ. అయినా ముందే చెప్పాలి.

పంతులుగారబ్బాయి:
చీటీలో లేదు సార్. ఇప్పుడే అమ్మనడిగా. "ఆదివారం మాత్రా? అది మందేంట్రా, ఎముకల బలానికి" అంది. పూజగదిలో పెట్టుకుందట. వారానికొకటి, పరగడుపున వేసుకుని అరగంట పడుకోకూడదట. రెండేళ్ల నుంచీ వేసుకుంటోంది, నాకే తెలీదు.
షుగరు రిపోర్టూ వచ్చింది, 9.8 శాతం, బాగా ఎక్కువే. రేపు మళ్లీ ఆటో.