మొదటి ఫుల్ మారథాన్ హైదరాబాద్‌లోనే: 30 కి.మీ. తర్వాత నడకలోకి దిగకుండా ఎలా సిద్ధమవ్వాలి?

మియాపూర్_ఉదయం

అందరికీ నమస్కారం. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కి (42.195 కి.మీ.) రిజిస్టర్ చేసుకున్నాను. ఇదే మొదటి ఫుల్. హాఫ్ మారథాన్‌కి (21.1 కి.మీ.) 2 గంటల 20 నిమిషాలు పడుతోంది. వయసు 38, బరువు 74 కిలోలు. బీపీ, షుగర్ లేవు. వారానికి నాలుగు రోజులు పరిగెత్తగలను, ఎక్కువ సమయం దొరికేది ఆదివారం మాత్రమే. చేతిలో 18 వారాలున్నాయి.

నెట్‌లో దొరికే ప్లాన్లన్నీ చల్లటి ఊళ్లకి రాసినట్టున్నాయి. మనకేమో మేలో ఎండలు, ఆ తర్వాత వానాకాలపు ఉక్క, రూట్‌లో ఎత్తుపల్లాలు. లాంగ్ రన్ (వారానికోసారి చేసే పెద్ద పరుగు) ఎంతవరకు పెంచాలి? ఎక్కడ చెయ్యాలి? దారిలో ఏం తినాలి, ఎన్ని నీళ్లు తాగాలి? 30 దాటాక చాలామంది నడకలోకి దిగిపోతారంటారు. అది తప్పించుకునే మార్గం ఉందా?

కేబీఆర్_చుట్టూ

చివరి ప్రశ్నకి జవాబు తెలిస్తే మిగతావి వాటంతట అవే తేలతాయండి.

పరుగులో కిలోమీటరుకి సుమారుగా మీ బరువెంతో అన్ని కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. 74 కిలోలకి 42.195 కి.మీ. అంటే 3,100 పైమాటే. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ (పిండిపదార్థపు నిల్వ) ఇచ్చేది 2,000 లోపే. మిగతాది కొవ్వు నుంచి రావాలి, లేదా దారిలో మీరు తినేదాని నుంచి రావాలి. వేగం పెరిగిన కొద్దీ శరీరం కొవ్వుని పక్కన పెట్టి గ్లైకోజెన్‌నే ఎక్కువ వాడుతుంది. అందుకే మొదటి 10 కి.మీ.లో చూపించిన తొందర అప్పుడు తెలియదు, 30 దగ్గర తెలుస్తుంది. కాళ్లు బరువెక్కడం, బుర్ర మొద్దుబారడం, ఒక్కసారిగా ఏమీ పట్టనట్టు అయిపోవడం అన్నీ ఆ లోటు వల్లే.

మన రూట్ ఈ ఇబ్బందిని ఇంకాస్త పెంచుతుంది. నెక్లెస్ రోడ్డు చదును, చీకటి, చల్లగాలి, చుట్టూ జనం. అక్కడ ఎవరికైనా కాళ్లు ఆగవు. ఆ తర్వాత జూబ్లీహిల్స్ వైపు ఎక్కుళ్లు, హైటెక్ సిటీ వైపు ఫ్లైఓవర్లు, చివరికి గచ్చిబౌలి స్టేడియం. కష్టమైన రోడ్డూ, పైకొచ్చిన ఎండా, ఖాళీ అయిన కాళ్లూ ఒకేచోట కలుస్తాయి. కాబట్టి శిక్షణంతా ఆ చివరి 12 కి.మీ. కోసమే అనుకోండి.

వారం ఇలా పెట్టుకోండి: మంగళవారం 8 కి.మీ. తేలిగ్గా, గురువారం ఎత్తుపల్లాల రోడ్డు మీద 8 నుంచి 10, శనివారం 5 తేలిగ్గా, ఆదివారం లాంగ్ రన్. లాంగ్ రన్ 16తో మొదలుపెట్టి వారానికి 2 చొప్పున పెంచుతూ, ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. 16, 18, 20, 14, మళ్లీ 22, 24, 26, 18, ఇలా. రేసుకి మూడు వారాల ముందు 32 ఒక్కసారి చేస్తే చాలు. తర్వాత 22, 14, ఆ పైన రేసే.

గురువారం పరుగుకి కేబీఆర్ పార్కు బయటి చుట్టు బాగుంటుంది, ఎక్కుడూ దిగుడూ రెండూ దొరుకుతాయి. చాలామంది ఎక్కడం మీదే దృష్టి పెడతారు, తొడల్ని నిజంగా దెబ్బతీసేది దిగడం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువుని ఆపాలి, ఆ పని అలవాటు లేకపోతే రేసు రోజు 30 కల్లా తొడలు రాయిలా బిగుసుకుపోతాయి. దిగుడులో అంగలు చిన్నవి చేసి, అడుగుల వేగం పెంచి, పాదం శరీరం కిందే పడేలా చూసుకోండి. మామూలు రోజుల్లో ఫ్లైఓవర్ల మీద మాత్రం ప్రాక్టీస్ వద్దు. చాలావాటికి ఫుట్‌పాత్ లేదు, చీకట్లో బండ్లు ఆగవు.

మేలో లాంగ్ రన్ తెల్లవారుజామున 4:30కి మొదలవ్వాలి. 5:45 కల్లా సూర్యుడు వచ్చేస్తాడు. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం, మీ హాఫ్ టైం ప్రకారం కిలోమీటరుకి 7:30 నుంచి 8 నిమిషాలు. ఉక్క ఎక్కువున్న రోజు ఇంకో 20, 30 సెకన్లు వదిలెయ్యండి. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. ఆరితేనే ఒళ్లు చల్లబడేది.

బోడుప్పల్_స్ట్రైడ్

పై జవాబులో 32 దగ్గర నాకు అభ్యంతరం ఉంది. కిలోమీటరుకి 8 నిమిషాలతో 32 అంటే 4 గంటల 16 నిమిషాలు. వారానికి మొత్తం 50 చేసేవాళ్లకి ఒక్క రోజులో అంత పడితే కోలుకోవడానికే పది రోజులు పోతాయి, పిక్కలు, మోకాలి బయటి వైపు నొప్పులు అప్పుడే మొదలవుతాయి. దూరానికి బదులు సమయం పెట్టుకోండి: గరిష్ఠం 3 గంటల 45 నిమిషాలు. 28 వచ్చినా 30 వచ్చినా అక్కడితో ఆపెయ్యండి. మిగతా కష్టం శనివారం పరుగుని 5 నుంచి 10కి పెంచితే వస్తుంది, ఆదివారం అలిసిన కాళ్లతోనే మొదలవుతుంది కదా.

ఇక పేస్, అంటే కిలోమీటరుకి పట్టే సమయం. హాఫ్ టైం నుంచి ఫుల్‌ని లెక్కకట్టే రీగెల్ సూత్రం మీ 2:20కి సుమారు 4:52 చూపిస్తుంది. అది చదును రోడ్డుకి, చల్లటి వాతావరణానికి, బాగా సిద్ధమైనవాళ్లకి. మొదటి ఫుల్, ఆగస్టు ఉక్క, ఈ రోడ్డు కలిపితే 5:20 పెట్టుకోవడం న్యాయం. మొదటి 10 కి.మీ. 7:40తో, తర్వాతి 20 సగటున 7:25తో వెళ్తే 30 బోర్డు దగ్గర సరిగ్గా 3 గంటల 45 నిమిషాలవుతుంది. మిగిలిన 12.2కి 95 నిమిషాలున్నాయి, కిలోమీటరుకి 7:47 పడినా సరిపోతుంది. ఎక్కుడులో 8:30 అయినా కంగారు పడొద్దు, దాన్ని దిగుడులో రాబట్టుకోవాలనీ చూడొద్దు.

వాచీని నమ్మి మోసపోవద్దు. మలుపుల్లో అందరం కొంచెం బయటి వైపు నుంచే తిరుగుతాం, ఫ్లైఓవర్ల కింద, ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ సిగ్నల్ తడబడుతుంది. గీత దాటేసరికి వాచీలో 42.6 కనబడటం మామూలే. ఆ 400 మీటర్లకే మూడు నిమిషాలు పోతాయి. రోడ్డు పక్క కిలోమీటరు బోర్డుల దగ్గర గడిచిన సమయం చూసుకోండి. 5, 10, 20, 30 దగ్గర ఎంతుండాలో చిన్న కాగితం మీద రాసి, ప్లాస్టిక్ టేప్ చుట్టి, మణికట్టుకి కట్టుకుంటే చాలు.

నడక గురించి: 30 దగ్గర కూలబడి నడవడం వేరు, మొదటి నుంచే 9 నిమిషాల పరుగు, 1 నిమిషం వేగపు నడక అని పెట్టుకోవడం వేరు. 5 గంటలు దాటేవాళ్లకి రెండోది చాలా మేలు. ఆ నిమిషంలోనే తినడం, తాగడం అయిపోతుంది, పొరపోదు.

ఉప్పూ_నీళ్లూ

తిండి, నీళ్ల సంగతి నేను రాస్తాను. రేసులు ఎక్కువగా చెడేది ఇక్కడే.

ముందు మీ చెమట కొలుచుకోండి. మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకుని, రేసు వేగంతో గంట పరిగెత్తి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. 74.0 కాస్తా 73.1 అయి, మధ్యలో 300 మి.లీ. తాగి ఉంటే గంటకి 1.2 లీటర్లు పోతున్నట్టు. పోయినదంతా తిరిగి పొయ్యక్కర్లేదు, పొట్ట కూడా ఒప్పుకోదు. గంటకి 500 నుంచి 700 మి.లీ. చాలామందికి సరిపోతుంది. దారిలో నీళ్లిచ్చే ప్రతి స్టేషన్‌లో గ్లాసు నిండా ఉత్త నీళ్లు తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఐదు గంటలు పైన రోడ్డు మీదుండే నిదానపు రన్నర్లకే ఈ ప్రమాదం ఎక్కువ. వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వాంతి, తికమక దాని గుర్తులు. అలాంటప్పుడు ఇంకా నీళ్లు పట్టించడం ప్రాణం మీదకి తెస్తుంది, మెడికల్ టెంట్‌కి తీసుకెళ్లాలి.

ఓఆర్‌ఎస్ 21 గ్రాముల ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి. చిన్న సీసాలో చిక్కగా కలిపి తాగితే పేగుల్లోకే నీళ్లు లాగేసి విరేచనాలు పట్టుకుంటాయి. ఇంకో సంగతి, ఆ లీటరులో గ్లూకోజ్ ఉండేది 13.5 గ్రాములే. ఓఆర్‌ఎస్ తాగుతున్నాం కదా, శక్తి వస్తోందనుకుంటే 30 దగ్గర ఆగిపోతారు.

శక్తికి గంటకి 40 నుంచి 50 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక జెల్‌లో (రన్నర్లు మింగే చిన్న ప్యాకెట్ తీపి ముద్ద) మామూలుగా 20 నుంచి 25 గ్రాములుంటాయి. 40వ నిమిషంలో మొదటిది, ఆ తర్వాత ప్రతి అరగంటకి ఒకటి, మొత్తం పది. ఆకలేసే దాకా ఆగొద్దు, అప్పటికి ఆలస్యమైపోతుంది. జెల్ మీద ఉత్త నీళ్లే తాగాలి, స్పోర్ట్స్ డ్రింక్ కలిస్తే కడుపులో తిప్పుతుంది.

రేసు ముందు రెండు రోజులు కిలో బరువుకి 7, 8 గ్రాముల చొప్పున, మీకు రోజుకి 520 నుంచి 590 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాములే ఉంటాయి. కిలో అన్నం తిన్నా 280 అన్నమాట. అందుకని తెల్లన్నంలో పెరుగు, బంగాళాదుంప, బ్రెడ్, అరటిపండు, పళ్ల రసం ఇలా రోజంతా పంచుకోండి. ముడిబియ్యం, ఆకుకూరలు, పచ్చి సలాడ్లు ఆ రెండు రోజులూ మానెయ్యండి, పీచు తెల్లారేదాకా పేగుల్లోనే ఉంటుంది. ముందు రోజు ఎక్స్‌పోలో (రేసు సామాన్లు ఇచ్చే చోట) బిబ్ (చొక్కాకి తగిలించుకునే నంబరు కాగితం) తీసుకుని అటునుంచి అటే బిర్యానీకి వెళ్లే అలవాటు చాలామందిలో ఉంది. దయచేసి ఆ బిర్యానీ రేసు తర్వాతకి వాయిదా వెయ్యండి. బరువు కిలో పెరిగితే భయపడొద్దు, ఒక గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీళ్లని పట్టుకుంటుంది.

పరుగుకి రెండున్నర గంటల ముందు నాలుగు ఇడ్లీలు, కొంచెం పంచదారో తేనో అద్దుకుని, రెండు అరటిపళ్లు. సాంబారు, కొబ్బరి చట్నీ వద్దు.

మియాపూర్_ఉదయం

చాలా వివరంగా చెప్పారండీ. రెండు సందేహాలు. పది జెల్‌లంటే ఖర్చు, పైగా అంత తీపి మింగగలనా? ఖర్జూరాలు, పల్లీపట్టీ పనికొస్తాయా? వానలో బొబ్బల సంగతేంటి?

ఉప్పూ_నీళ్లూ

ఖర్జూరం పనికొస్తుంది. గింజ తీసి ముందే చీల్చి పెట్టుకోండి. చిన్న రకం నాలుగు తింటే సుమారుగా ఒక జెల్‌తో సమానం. సగం అరటిపండుకి 12 గ్రాములు. మొదటి రెండు గంటలు ఇవి, నమలడానికి ఓపిక లేని చివరి భాగానికి జెల్‌లు, అలా ఏడింటితో సరిపెట్టొచ్చు. పల్లీపట్టీ వద్దు, పల్లీల నూనె వల్ల పొట్టలోనే నిలిచిపోతుంది. ఏది ఎంచుకున్నా చివరి ఎనిమిది వారాల లాంగ్ రన్‌లలో అదే తిని పొట్టకి అలవాటు చెయ్యండి.

తడి_సాక్సు

నూలు సాక్సు, నూలు బనియను రెండూ ఇంట్లో వదిలెయ్యండి. తడిస్తే ఆరవు, బరువెక్కి ఒరుస్తాయి. పాలియెస్టర్ సాక్సు మంచిది. కాలివేళ్ల సందుల్లో, తొడల లోపల, చంకల్లో వాసెలిన్ దట్టంగా పట్టించండి. మగవాళ్లు చనుమొనల మీద మైక్రోపోర్ టేప్ వేసుకోవాలి, వాసెలిన్ రాయకముందే. జిడ్డు మీద టేప్ నిలవదు.

షూ ముందు భాగంలో బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. దిగుడుల్లో పాదం ముందుకి జారి గోళ్లు నల్లబడతాయి. షూ పైన చీలమండ దగ్గర చాలామంది వాడని అదనపు రంధ్రం ఒకటుంటుంది. లేసుని అదే వైపు పైరంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదిలి, అవతలి లేసుని ఆ ఉచ్చులోంచి లాగి ముడేస్తే మడమ కదలదు. గోళ్లు మూడు రోజుల ముందే కత్తిరించుకోండి. కొత్త షూ అయితే కనీసం 80 కి.మీ. తొక్కి ఉండాలి.

ఫ్లైఓవర్ మీద రెండు శ్లాబుల మధ్య అడ్డంగా ఇనుప పట్టీ ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు దాని మీద మునివేళ్లు పడితే జారుతుంది. దాటి అడుగెయ్యండి.

బోడుప్పల్_స్ట్రైడ్

ఒక మందు గురించి చెప్పాలి. రేసు ముందుగానీ మధ్యలోగానీ ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీల మీద పడతాయి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎండలో ఉన్నట్టుండి చలి, రోమాలు నిక్కబొడుచుకోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆగి వాలంటీర్‌ని పిలవండి. బిబ్ వెనక బ్లడ్ గ్రూపు, ఇంట్లోవాళ్ల నంబరు రాసే చోటుంటుంది, ఖాళీగా వదలొద్దు.

కేబీఆర్_చుట్టూ

3 గంటల 45 నిమిషాల హద్దు మీ వారపు దూరానికి సరైనదే, నా 32 బదులు అదే పాటించండి.

ప్రయాణం సంగతి: మొదలయ్యే చోటు నెక్లెస్ రోడ్డు, ముగిసేది గచ్చిబౌలి. బండి నెక్లెస్ రోడ్డు దగ్గర పెడితే మళ్లీ ఊరు దాటి రావాలి. మెట్రో మామూలు వేళలు అప్పటికి మొదలవ్వవు, కాబట్టి వెళ్లడానికి క్యాబ్ ముందు రాత్రే మాట్లాడుకోండి. బ్యాగేజ్ కౌంటర్‌లో ఇచ్చే సంచిలో పొడి చొక్కా, తువ్వాలు, చెప్పులు పెట్టండి, షూ విప్పాక మళ్లీ తొడుక్కోలేరు. తిరుగు ప్రయాణానికి మియాపూర్ వైపు ఎవరైనా కారుతో రాగలిగితే మంచిది. రాయదుర్గం మెట్రో స్టేడియానికి నడిచేంత దగ్గర్లో లేదు, పైగా మీ లైనుకి అమీర్‌పేటలో మారి మెట్లెక్కాలి. గీత దాటగానే కూర్చోవద్దు, కాళ్లలో రక్తం నిలిచి కళ్లు తిరుగుతాయి. పది నిమిషాలు మెల్లగా నడిచి, ఆ తర్వాత కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకోండి.