పాత కంపెనీ ఫారం 16 ఇవ్వలేదు, ఆదాయపు పన్ను రిటర్న్ వేయవచ్చా?

అందరికీ నమస్కారం. పోయిన అక్టోబరులో ఉద్యోగం మారాను. గడువు జూన్ 15 దాటినా పాతవాళ్లు ఫారం 16 (జీతం, కోసిన పన్ను వివరాల సర్టిఫికెట్) ఇవ్వలేదు. మూడు మెయిళ్లు పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. వాళ్లు జీతంలోంచి కోసిన పన్ను (టీడీఎస్) ఆదాయపు పన్ను శాఖవాళ్ల 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో కనబడుతోంది, అదొక్కటే ధైర్యం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు పే స్లిప్పులూ ఉన్నాయి. వాటితో రిటర్న్ వేయవచ్చా?

అసలు భయం ఇంకోటి. పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి చెప్పలేదు, తప్పు నాదే. దాంతో జీతంలో పన్ను పడని 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌ను రెండు చోట్లా మినహాయించి లెక్కేశారు. రెండు జీతాలూ కలిపి రాత్రి కాగితం మీద రెండుసార్లు లెక్క వేశాను. రెండుసార్లూ ఇంకా పన్ను కట్టాలనే తేలింది. దీనికి సెక్షన్ 234బి (ముందస్తు పన్ను తక్కువ కడితే పడే వడ్డీ) కింద వడ్డీ కూడా పడుతుందా? ఆ మిగిలిన పన్ను (సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్) ముందే కట్టి, ఆ చలానా వివరాలు రిటర్న్‌లో చూపించాలా? రిటర్న్ గడువు జూలై 31 దాకా ఈ టెన్షన్ మోయలేను. ఇలా జరిగినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.