అప్‌డేట్: పాపకు ఆరో తరగతి బడి కుదిరింది

సికింద్రాబాద్‌లో మా ఇంటికి దగ్గరలో ఉన్న రెండు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పాపను ఆరో తరగతికి ఎక్కడ చేర్చాలని అడిగాను కదా. పదో తరగతి ఫలితాలు చూడమని చాలామంది అన్నారు. చూశాను. కానీ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో చదువు ఎలా సాగుతోందో వాటిని బట్టి తెలియదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ తరగతుల్లో 35 మంది పిల్లలకు కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. గణితం, సైన్సుకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి. కొత్త రంగులు వేసిన పెద్ద బడిలో లెక్కల పోస్టే ఖాళీ!

రెండోది పాత భవనం, ఆటస్థలమూ అంతంతమాత్రమే. అయితే మధ్యాహ్న భోజనం వేళకు వెళితే, తెలుగు టీచరు వరుస పక్కనే నిలబడి ప్రతి పళ్ళెంలో కోడిగుడ్డు పడిందో లేదో చూసుకుంటున్నారు. ఆడపిల్లల మరుగుదొడ్డిలో కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి. అక్కడే చేర్చాం. మా అత్తగారికి మాత్రం ఇప్పటికీ ఆ రంగుల బడి మీదే మనసు.

ఇంకో మాట: టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు, అదే చట్టంలోని 5వ సెక్షను చూపించండి. మాకు టీసీ ఇంకా రాలేదు, పాప మాత్రం బడికి వెళుతోంది.