గౌను మీద ఆ రెండో బట్టని తెలుగులో ఏమనాలి?

లైప్‌జిగ్ అబ్బాయి: అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం ఇక్కడ జర్మనీలో పాత సామాన్ల సంతలో రెండు యూరోలు పెట్టి ఒక బడి ఫోటో కొన్నాను. ముందు వరసలో కూర్చున్న పాప చేతిలో పలక, దాని మీద 1912 అని ఉంది. నలభై మంది దాకా ఆడపిల్లలు. దాదాపు అందరికీ గౌను మీద ఇంకో బట్ట. చేతుల్లేవు, భుజాల మీంచి పట్టీలు, మోకాళ్ల దాకా వేలాడుతోంది. పక్కింటి పెద్దావిడకి చూపిస్తే ‘షుర్ౘె’ అంది. ఈ ఫోటో గురించి తెలుగులో నాలుగు ముక్కలు రాసుకుంటున్నాను. పినాఫోర్ అని రాసేస్తే సరిపోతుందా?

కాకినాడ కాజా: సరిపోతుంది తమ్ముడూ. పదేళ్లు వేసుకున్నదాన్ని నేను. నేవీ బ్లూ, ముందు వెడల్పు కుచ్చిళ్లు, లోపల తెల్ల చొక్కా, నడుముకి బెల్టు. సోమవారం టై మర్చిపోతే ఎండలో నిలబెట్టేవారు.

పాత నిఘంటువు: కాజా గారూ, చిక్కంతా అక్కడే ఉంది. పినాఫోర్ అంటే తెలుగువాళ్ల కళ్లకి కట్టేది మీరు చెప్పిన యూనిఫామే. అది గౌనుకి బదులు వేసుకునేది. ఫోటోలో ఉన్నది గౌను పాడవకుండా దాని మీద వేసుకునేది. విప్పేసినా పిల్ల ఒంటి మీద పూర్తి బట్టలు ఉంటాయి. ఇంగ్లీషులోనూ మొదట అదే అర్థం. పిన్ అంటే గుండుసూది, అఫోర్ అంటే ముందు. గౌనుకి ముందువైపు సూదులతో గుచ్చిన గుడ్డ. మన కాన్వెంటు బళ్ల దాకా వచ్చేసరికి పైబట్ట కాస్తా గౌనై కూర్చుంది.

ఇంకోటి, అబ్బాయీ, యూనిఫామ్ అన్న మాట మాత్రం రాయకు. జర్మనీలో దేశం మొత్తానికీ బడి యూనిఫామ్ అంటూ ఎప్పుడూ లేదు. సోవియట్ రష్యాలో 1940ల చివరి నుంచి ఆడపిల్లలకి గోధుమరంగు గౌను, దాని మీద నల్ల ఏప్రన్, పండగ రోజున తెల్లది. అది సర్కారు పెట్టిన రూలు. జర్మనీలో రూలు పెట్టింది అమ్మలు. నీ ఫోటోని ఇంకోసారి చూడు, ఏ రెండూ ఒకేలా ఉండవు.

లైప్‌జిగ్ అబ్బాయి: నిజమే మాస్టారూ! ఒకటి గళ్లది, ఒకటి చారలది, రెండు మూడు తెల్లవి, భుజాల దగ్గర కుచ్చులతో. చివరి పాపదానికి జేబు వేరే గుడ్డతో కుట్టి ఉంది. జేబు కింద ఒక నల్ల మరక, సిరా అనుకుంటా.

పాత నిఘంటువు: ఆ మరక కోసమే ఆ బట్ట. అప్పట్లో మామూలు ఇళ్లలో పిల్లకి మంచి గౌన్లు ఒకటో రెండో ఉండేవి, చాలావరకు ఉన్నివి. ఉన్నిని ఉడకబెడితే ముడుచుకుపోతుంది. ఏప్రన్ నూలుదో నారదో కాబట్టి గంగాళంలో పడేసి ఉడికించొచ్చు. పైగా ఉతకడం అన్నది రోజూ చేసే పని కాదు. ‘పెద్ద ఉతుకుడు’ అని కొన్ని వారాలకోసారి పెట్టుకునేవారు. ముందురోజు నానబెట్టడం, మర్నాడు ఉడికించడం, బల్ల మీద రుద్దడం, పిండడం, ఆడవాళ్ల నడుములు పడిపోయేవి. 1907లో హెంకెల్ కంపెనీ పెర్సిల్ అనే సబ్బుపొడి తెచ్చాక రుద్దుడు కొంత తగ్గింది. మురికంతా ఏప్రన్ మీద పడనిచ్చి, దాన్ని మార్చి, గౌనుని కాపాడుకోవడమే లెక్క. వారం రోజులకి రంగుది, ఆదివారానికి తెల్లది.

బడిలో మురికికి కొదవేముంది? పలక, తుడవడానికి తడి స్పాంజి. ఆ స్పాంజి ఆరడానికని పుస్తకాల సంచికి బయట దారంతో వేలాడదీసేవారు. కొంచెం పెద్దయ్యాక ఉక్కు పాళీ, సిరాబుడ్డి. (ఉమ్మేసి మోచేత్తో పలక తుడిచిన మనం వాళ్లని ఏమీ అనలేం.)

వరంగల్ వాసి: మా దిక్కు పత్తి ఏరేటోళ్లు నడుముకు ముందట ఒక గుడ్డ కట్టుకుంటరు. దాన్ని ఒడి అంటం. ‘ఒడి కట్టుకో’ అంటే ఎవరికైనా అర్థమైతది. అది పనికొస్తదా?

పాత నిఘంటువు: భలే మాట గుర్తు చేశారు. కానీ ఒడి నింపుకోవడానికి, ఇది మురికి పడకుండా ఉండడానికి. రూపం దగ్గరే, పని వేరు. అయితే జర్మన్ మాటకీ నడుముతో చుట్టరికం ఉంది. అదే కుదురులోని ‘షుర్ౘెన్’ క్రియకి బట్టని పైకి ఎగదోపడం అని అర్థం, మనం చీర ఎగ్గట్టడం అన్నట్టు. ‘లెండెన్‌షుర్ౘ్’ అంటే అచ్చంగా గోచి! ఇంగ్లీషు షర్టు, స్కర్టు కూడా ఈ మాటకి చుట్టాలే. పొట్టిగా కత్తిరించిన బట్ట అన్నది అన్నిటికీ మూలం.

రష్యన్లో ఆ బడి ఏప్రన్‌ని ‘ఫార్తుక్’ అంటారు. అది జర్మన్ ‘ఫోర్‌టూఖ్’ పోలిష్ మీదుగా వెళ్లి మారిన రూపం. ఫోర్ అంటే ముందు, టూఖ్ అంటే గుడ్డ. పినాఫోర్ కథే మళ్లీ.

అన్నట్టు, పై మాటల్లో నేను ౘ రాసింది పొరపాటున కాదు. చాప, చాలు అన్నప్పుడు పలికే దంత్య చకారమే జర్మన్ల జడ్ అక్షరం. ‘ట్స’ అని అవస్థ పడక్కర్లేదు, మన దగ్గర అక్షరం ఉంది. వాడేవాళ్లే లేరు.

కాకినాడ కాజా: సరే, ఓడిపోయాను. మరి అమ్మ చుట్టూ తిరిగే పిల్లాణ్ని జర్మన్లు ఏమంటారు? వాళ్లకి చీర కొంగు లేదుగా.

పాత నిఘంటువు: ఏప్రన్ కొస పట్టుకు వేలాడుతున్నాడు అంటారు. మన ‘అమ్మ కొంగు పట్టుకు తిరగడం’ మక్కీకి మక్కీ. ఆడవాళ్ల వెంటపడేవాణ్ని ‘షుర్ౘెన్‌యేగర్’, ఏప్రన్‌ల వేటగాడు అంటారు. మనం ‘కర్రకి చీర కట్టినా వదలడు’ అంటాం చూడండి, వాడే. ఈ జాతీయాలు తెలుగు చేసేటప్పుడు ఏప్రన్ జోలికి పోకుండా కొంగు, చీర వాడితేనే పండుతుంది. ఫోటో కింద మాత్రం కొంగు అంటే నవ్వుతారు.

మచిలీపట్నం వాసి: ఆలస్యంగా వచ్చాను, ఒక్క ముక్క. జర్మన్ పల్లెల్లో ఆడవాళ్ల ఏప్రన్లు చాలా చోట్ల నీలం మీద తెల్ల పువ్వులతో ఉండేవి. ఆ అద్దకాన్ని ‘బ్లౌడ్రుక్’ అంటారు, 2018లో యునెస్కో జాబితాకి కూడా ఎక్కింది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు నీలిమందూ చీటి గుడ్డలూ మా రేవు నుంచి కూడా ఓడలకెత్తుకున్నారు. చివరికి 1897లో జర్మన్ల బీఏఎస్ఎఫ్ కంపెనీయే కృత్రిమ నీలి అమ్మకం మొదలుపెట్టి మన నీలి సాగుని దెబ్బ కొట్టింది. ఆ ఫోటోలో గళ్ల ఏప్రన్ నీలమై ఉంటే, 1912 నాటికి అది ఫ్యాక్టరీ నీలమే అయ్యుంటుంది.

లైప్‌జిగ్ అబ్బాయి: నలుపు తెలుపు ఫోటోలో నీలం ఎలా పట్టుకోను సార్! పక్కింటావిడకి ఇదంతా చెప్తే వంటింట్లోంచి తన ఏప్రన్ తెచ్చి చూపించింది. గుండీలతో పొడుగ్గా ఉంది, ఊదారంగు పువ్వులు, నైలాన్‌లా జారుతోంది. తూర్పు జర్మనీ కాలంది, ‘డెడెరోన్’ అట. డీడీఆర్ అన్న దేశం పేరులోంచి పుట్టించిన మాట. బడికి మాత్రం తను ఏప్రన్ వేసుకోలేదట, వాళ్ల అమ్మ వేసుకుందట.

మరి ఖాయం చేయనా? మొదటిసారి ‘గౌను మీద వేసుకునే బడి ఏప్రన్’, తర్వాత ఒట్టి ‘ఏప్రన్’.

పాత నిఘంటువు: ఖాయం చెయ్యి. ఆ వేరే గుడ్డ జేబు గురించి రాయడం మర్చిపోకు.

కాకినాడ కాజా: సిరా మరక కూడా.