ఇంటి చెత్తపై తొమ్మిదో తరగతి ప్రాజెక్టు: ఏమి కొలవాలి, ఎలా కొలవాలి?

బ్రాడీపేట టీచర్, గుంటూరు

నమస్కారం. నేను గుంటూరులోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు ఈసారి సైన్సు ప్రదర్శనకు ఇంటి చెత్త, రీసైక్లింగ్ అన్న అంశం తీసుకుంటామని ముందుకు వచ్చారు. థర్మోకోల్ షీటు మీద ఒక ఊరు కట్టి, ఒక మూల చెత్తకుప్ప, మరో మూల కర్మాగారం పెట్టి, మీట నొక్కగానే బల్బు వెలిగేలా చేయాలన్నది వారి మొదటి ఆలోచన. చెత్త తగ్గించమని చెప్పే నమూనా మర్నాటికి తానే చెత్తకుండీకి చేరుతుందన్న సంగతి అలా ఉంచితే, నిరుడు ఇలాంటి నమూనాతోనే వెళ్లిన మా పిల్లవాణ్ని న్యాయనిర్ణేత ఒకరు "ఇందులో నువ్వు కొలిచిందేమిటి బాబూ?" అని అడిగారు. వాడు నా మొహం చూశాడు, నేను నేల చూశాను.

మా దగ్గర 5 కిలోల వరకు తూచే వంటింటి కాటా ఒకటి, థర్మామీటర్లు రెండు ఉన్నాయి. పిల్లల వీధిలో 10 ఇళ్లవారు సహకరిస్తామన్నారు. గడువు ఆరు వారాలు. కంపోస్టు చేయించాలా, ప్లాస్టిక్ మీద పని చేయించాలా, లేక ఇంటింటి సర్వే చాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సత్యనారాయణపురం మాస్టారు, విజయవాడ

అమ్మా, "ఇంటి చెత్త, రీసైక్లింగ్" అన్నది అంశమే గాని ప్రశ్న కాదు. నేను వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కనుక కంపోస్టు వైపే మొగ్గుతాను. "వంటింటి తడి చెత్తకు ఎండుటాకులు ఎంత కలిపితే వాసన, ఊట తగ్గుతాయి?" అన్నంత చిన్న ప్రశ్న చాలు. కూరగాయల తొక్కల్లో నీరు, నత్రజని ఎక్కువ. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కర్బనం, నత్రజని సుమారు 25 నుంచి 30 పాళ్లకు 1 పాలుగా, తేమ 50 నుంచి 60 శాతంగా ఉంటే అనుకూలం. నీరు ఎక్కువై సందులన్నీ నిండితే గాలి ఆడదు, గాలి లేని చోట పెరిగే జీవులు పని మొదలుపెడతాయి, ఆ కంపు అక్కడి నుంచే వస్తుంది.

ఒకే చెత్తను తొమ్మిది చిన్న బకెట్లలోకి సమానంగా తూచి, మూడింటికి ఆకులేమీ కలపకుండా, మూడింటికి చెత్తతో సమాన పరిమాణంలో, మూడింటికి రెట్టింపు కలపండి. ప్రతి రకానికీ మూడేసి ఎందుకంటే, ఒక్క బకెట్టులో వచ్చిన తేడా ఆకుల వల్ల వచ్చిందో, ఆ బకెట్టులో పడిన అరటి తొక్క వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

ఒక హెచ్చరిక. కంపోస్టు 55 డిగ్రీలు దాటి వేడెక్కుతుందని పుస్తకాల్లో ఉంటుంది. అది దాదాపు ఘనమీటరు కుప్ప మాట. 5 లీటర్ల బకెట్టులో పుట్టిన వేడి పుట్టినట్టే గోడల గుండా పోతుంది. ఆశించిన అంకె రాలేదని పిల్లలు నోటు పుస్తకంలో అంకెలు దిద్దకుండా చూడండి.

పటమట అపార్ట్‌మెంట్ కార్యదర్శి, విజయవాడ

మాస్టారు చెప్పిన పద్ధతి మంచిదే గాని, ఆరు వారాల్లో కంపోస్టు పూర్తిగా మాగడం అనుమానమే. పైగా ప్రతి ప్రదర్శనలోనూ కంపోస్టు కుండ ఒకటి ఉండనే ఉంటుంది. నాకు తోచింది చెబుతాను.

2021 అక్టోబరులో మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైనదానికి ఎరుపు బుట్టలు ఇచ్చిన సంగతి మీకు తెలిసిందే. నీలం బుట్టలో వేసినదంతా రీసైక్లింగుకు పోతుందని చాలామంది అనుకుంటారు. మా వాచ్‌మన్ ప్రతి శనివారం ఆ బుట్టను గోనెపట్టా మీద బోర్లించి ఏరుతాడు. పాత పేపర్లు, అట్టపెట్టెలు, నూనె డబ్బాలు, నీళ్ల సీసాలు, కడిగిన పాల ప్యాకెట్లు పాత సామాన్ల కొట్టుకు వెళతాయి. చిప్సు ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, బిస్కెట్ కవర్లు, జిడ్డు వదలని పార్సిల్ డబ్బాలు తిరిగి అదే బుట్టలో పడతాయి. కాబట్టి "మనం పొడి చెత్త అని వేరుచేసేదానిలో కొట్టువాడు కొనేది ఎంత?" అని అడిగించండి. దానికి కాటా, నోటు పుస్తకం చాలు.

చేసేటప్పుడు కొన్ని గమనించాలి. చెత్త తూస్తున్నారని తెలిసిన మొదటి రెండు రోజులూ ఇళ్లవారు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. ఆ అంకెలు లెక్కలోకి తీసుకోకండి. ఆ తరువాతి ఏడు రోజుల్లో ఆదివారం తప్పక ఉండాలి, ఆ రోజు చెత్త తీరే వేరు. బరువు ఒక్కటే రాస్తే చిప్సు ప్యాకెట్లకు అన్యాయం జరుగుతుంది. బుట్ట సగం నింపినా అవి కాటా మీద ముల్లు కదపవు. అందుకని బరువుతో పాటు ఎన్ని ఉన్నాయో కూడా రాయించండి. ఎర్ర బుట్టను పిల్లలు తెరవకూడదు. సూదులు, డైపర్లు, కాలం చెల్లిన మందులు ఉంటాయి. మూట కట్టినది కట్టినట్టే తూచాలి. మిగిలినదానికైనా చేతి తొడుగులు ఉండాలి. ఇళ్లకు అంకెలే వేయండి, పేర్లు వద్దు. చెత్త చూస్తే ఇంటి గుట్టు తెలిసిపోతుంది.

పాలిటెక్నిక్ అధ్యాపకుడు, గుంటూరు

కొట్టువాడు ఒకటి కొని ఇంకొకటి ఎందుకు వదిలేస్తాడో కూడా చూపిస్తే ప్రాజెక్టుకు భౌతికశాస్త్రం తోడవుతుంది. నీళ్ల సీసాను, దాని మూతను చిన్న ముక్కలుగా కత్తిరించి బకెట్టు నీళ్లలో వేసి, గాలి బుడగలు పోయేలా కలపమనండి. సీసా ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలుతాయి. నీటి సాంద్రత 1 అనుకుంటే, సీసా పెట్ అనే ప్లాస్టిక్, సాంద్రత సుమారు 1.38, మూత పాలీఇథిలీన్ లేదా పాలీప్రొపిలీన్, సాంద్రత 1 కన్నా తక్కువ. రీసైక్లింగ్ కర్మాగారాల్లోనూ ఈ రెండింటినీ నీటి తొట్టెల్లో ఇలాగే వేరుచేస్తారు. డబ్బా అడుగున త్రిభుజంలో ఉండే, ప్లాస్టిక్ రకాన్ని చెప్పే 1 నుంచి 7 వరకు అంకెతో పిల్లలు తమ ఫలితాన్ని పోల్చుకోవచ్చు. చిప్సు ప్యాకెట్టులో ప్లాస్టిక్ పొరకు అల్యూమినియం పొర అంటుకుని ఉంటుంది. ఎంత కత్తిరించినా ఆ రెండూ విడిపోవు, కనుక నీళ్లు వాటిని వేరుచేయలేవు.

పాల ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ఊడిపోయే ఆ చిన్న ముక్క ఎక్కడికి పోతుందో కూడా గమనించమనండి. మా ఇంట్లో సింకు జాలీలో దొరికింది.

బ్రాడీపేట టీచర్

అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయిలకు చదివి వినిపించాను. కొట్టువాడు కొనేది ఎంత అన్న ప్రశ్నకే ఇద్దరూ ఓటు వేశారు. నీళ్ల తొట్టె ప్రయోగం దానికి తోడుగా ఉంటుంది. మాస్టారూ, మీ తొమ్మిది బకెట్లు వచ్చే ఏడాదికి దాచుకుంటాను. ఒక సందేహం మిగిలింది. వారం మధ్యలో ఒక ఇంటివారు తెనాలిలో పెళ్లికి వెళితే ఆ రెండు రోజులకు సున్నా వేయాలా?

సత్యనారాయణపురం మాస్టారు

వేయకూడదమ్మా. సున్నా అంటే ఇంట్లో ఉండి కూడా చెత్త వేయలేదని అర్థం. గడి ఖాళీగా వదిలి, పక్కన "ఊళ్లో లేరు" అని రాయించండి. ఆ ఇంటి సగటును మిగిలిన ఐదు రోజుల మీదే కట్టాలి. పది ఇళ్లకూ కలిపి చెప్పేటప్పుడు సగటుతో పాటు మధ్యగతం (అంకెలను వరుసగా పేర్చితే నడుమ వచ్చేది) కూడా చూపించండి; ఏదో ఒక ఇంట్లో పుట్టినరోజు పండుగ జరిగిందంటే ఆ ఒక్క ఇల్లే సగటును పైకి లాగేస్తుంది. మధ్యగతం పిల్లలకు లెక్కల్లో వచ్చిన పాఠమే.