ఆగిపోయిన డిగ్రీ పూర్తి చేసి పీజీకి వెళ్లినవాళ్లు ఉన్నారా?

మానుకోట_సుజాత:
అందరికీ నమస్కారం. 2011లో బీఎస్సీ ఫైనలియర్‌లో ఉండగా పెళ్లయింది. ఫిజిక్స్ ఒకటి, మ్యాథ్స్ ఒకటి మిగిలిపోయాయి. ఇప్పుడు పాప ఆరో తరగతి. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదవాలని గట్టిగా ఉంది. ఆ రెండు పేపర్లే రాయాలా, డిగ్రీలో మళ్లీ మొదటి నుంచి చేరాలా? ఒకటే టెన్షన్, నిద్ర పట్టట్లేదు.

రవి_ఖమ్మం:
తొందరపడి కొత్తగా చేరకండి సుజాతగారూ. నావి మూడు బ్యాక్‌లాగ్స్, పదేళ్లు దాటాక రాశాను. పాత బ్యాచ్‌ల వాళ్లకు యూనివర్సిటీలు అప్పుడప్పుడు వన్‌టైమ్ ఛాన్స్ ఇస్తాయి. పాత హాల్‌టికెట్, మెమోలు పట్టుకుని ఎగ్జామినేషన్ బ్రాంచికి మీరే వెళ్లండి, ఫోన్లో ఏదీ తేలదు. నా మెమో మడతల దగ్గర అంకెలు చెరిగిపోయాయి. అక్కడి క్లర్కుగారు రిజిస్టర్ తీసి వేలు పెట్టి చూపిస్తే తెలిసింది, పాసయ్యాననుకున్న ఎలక్ట్రానిక్స్ ప్రాక్టికల్‌కి ఆబ్సెంట్ పడిందని. వెళ్లకపోతే ఆ సంగతి చివర్లో బయటపడేది.

లక్ష్మి_కరీంనగర్:
నాకు ఆ దారి దొరకలేదు. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ మొదటి ఏడాది నుంచి చదివాను. స్టడీ సెంటర్లో ఆదివారం క్లాసులు. నా పక్కన కూర్చునే ఆర్టీసీ కండక్టర్ అన్న డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చేవాడు. పరీక్షలప్పుడు ఆయన నోట్సే నన్ను గట్టెక్కించింది. ఓపెన్ డిగ్రీకి విలువ లేదని చుట్టాలు చాలా అన్నారు. 1982 నుంచి నడుస్తున్న ప్రభుత్వ యూనివర్సిటీ అది. ఆ డిగ్రీతోనే పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాసి ఎంఏలో చేరాను. కానీ అక్కా, రెండు పేపర్లే కదా, మీరు ముందు రవిగారు చెప్పిందే చూడండి.

చదువరి_నల్గొండ:
ఒక్క జాగ్రత్త. ఫైనలియర్ వాళ్లు కూడా సీపీగెట్ రాయొచ్చు. నేనూ అలాగే రాశాను, మంచి ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్ వెరిఫికేషన్ నాటికి నా బ్యాక్‌లాగ్ రిజల్ట్ రాలేదు, సీటు పోయింది. ఆ రోజు బస్టాండులో కూర్చుని ఏడ్చాను. మరుసటి ఏడు మళ్లీ రాసి చేరాను. రిజల్ట్ రాగానే ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కి, అన్నేళ్ల మార్కులూ ఒకేచోట ఉండే కన్సాలిడేటెడ్ మెమోకి అప్లై చేసేయండి. వేరే యూనివర్సిటీకి వెళ్లేట్టయితే మైగ్రేషన్ సర్టిఫికెట్‌కి కూడా.

మానుకోట_సుజాత:
అందరికీ చాలా థాంక్స్. అమ్మ వాళ్లింట్లో ట్రంకుపెట్టెలో మెమోలు దొరికాయి, హాల్‌టికెట్ మాత్రం లేదు. సోమవారం వెళ్తున్నాను. మెమో మీద ఉన్న నంబరుతో పని జరుగుతుందా రవిగారూ?

రవి_ఖమ్మం:
జరుగుతుంది, నాకూ ఆ నంబరుతోనే రికార్డు తీశారు. ఒరిజినల్స్‌తో పాటు రెండు సెట్లు జిరాక్స్ తీసుకెళ్లండి. పొద్దున్నే వెళ్లండి.