మొరాయిస్తున్న పాత హార్డ్ డిస్కు నుంచి ముందు తీయవలసింది కావలసిన ఫైళ్లనా, డిస్కు మొత్తం నకలునా?

బాలసముద్రం:

మా నాన్నగారు తెలుగు ఉపన్యాసకులుగా పని చేసి పదవీ విరమణ పొందారు. పరకాల, ములుగు వైపు ఊళ్లు తిరిగి క్యాసెట్ల మీద రికార్డు చేసిన బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, ఒగ్గు కథల భాగాలు 2005లో కొన్న కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టుకున్నారు. 60 నిమిషాల క్యాసెట్లు 40 దాకా ఉండేవి. ఇప్పుడు వాటికి బూజు పట్టి టేపు అంటుకుపోయింది కాబట్టి, ఆ 80 జీబీ హార్డ్ డిస్కులో ఉన్నదే చివరి ప్రతి.

విండోస్ ఎక్స్‌పీతో నడిచిన ఆ సిస్టమ్ పోయిన దసరా తర్వాత మదర్‌బోర్డు పాడై ఆగిపోయింది. విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్ తెచ్చాం. పాత డిస్కుకు ఉన్న వెడల్పాటి 40 పిన్నుల కేబులు పెట్టడానికి కొత్త దానిలో చోటే లేదు. యూఎస్‌బీకి మార్చే అడాప్టరు కొని, దానితో వచ్చిన 12 వోల్టుల పవర్ సప్లై పెట్టి చూస్తే ఒకసారి డీ డ్రైవ్ కనిపిస్తుంది, ఫోల్డర్ తెరుచుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మరోసారి డిస్కును ఫార్మాట్ చేయాలని అడుగుతుంది. టక్ టక్ శబ్దం మాత్రం లేదు. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తీస్తామన్నారు. కనిపించినప్పుడే పాటల ఫోల్డర్ కాపీ చేసుకుందామని మా తమ్ముడు అంటున్నాడు. మొత్తం నకలు తీశాకే దేన్నైనా ముట్టుకోవాలని నేను చదివాను. ఏది సరైనదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కాజీపేట జంక్షన్:

ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ల మరమ్మతు చేస్తున్నాను. ముందుగా ఒక మాట: ఆ డిస్కును ఎవరికీ ఫార్మాట్ కొట్టనివ్వకండి. ఫార్మాట్ చేసినా తర్వాత ఫైళ్లు తీయవచ్చనే నమ్మకం ఎక్స్‌పీ కాలం నాటిది. అప్పట్లో పూర్తి ఫార్మాట్ చేసినా విండోస్ చెడిన సెక్టార్లను, అంటే డిస్కులోని చిన్న చిన్న గడులను, వెతికేదే తప్ప పాత డేటాను తుడిచేది కాదు. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టా నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు పూర్తి ఫార్మాట్ అంటే డిస్కు అంతటా సున్నాలు రాయడమే, ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌కూ దొరికేదేమీ ఉండదు. క్విక్ ఫార్మాట్ అంత నష్టం చేయదు గానీ, అదీ ఫైళ్ల పట్టిక మీద కొత్త పట్టికను రాస్తుంది, ఉన్న పేర్లు పోయే ప్రమాదం తెస్తుంది.

ఇక మీ ప్రశ్నకు వస్తే, మొత్తం నకలే ముందు. విండోస్‌కు తగిలించిన డిస్కును మనం చదువుతున్నామని అనుకుంటాం, కానీ విండోస్ దాని మీద రాస్తూనే ఉంటుంది. సగంలో ఆగిన మార్పులను పూర్తి చేస్తుంది, తన సొంత ఫోల్డర్లను సృష్టిస్తుంది, తగిలించి ఉంచి రీస్టార్ట్ చేస్తే డిస్కు తప్పులను సరిచేసే చెక్‌డిస్క్ తనంతట తానే మొదలై, చదవలేని ఫోల్డర్లను తెంపి ముక్కలుగా వేరే చోట పడేయవచ్చు. ఎక్స్‌పీ యూజర్ ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదని చెప్పి, కొనసాగించమంటారా అని అడుగుతుంది. అక్కడ సరే అన్నామా, లోపలి వేల ఫైళ్ల అనుమతులను ఒక్కొక్కటిగా మార్చి రాస్తుంది. మొరాయిస్తున్న డిస్కుకు ఇంత పని పెట్టడం న్యాయం కాదు.

విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను బూట్ చేసి, జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత పనిముట్టుతో మరో మంచి డిస్కులోకి నకలు తీయండి. ఫైళ్ల వెతుకులాట అంతా ఆ నకలు మీదే సాగాలి.

పరకాల స్టూడియో:

కాజీపేట గారి మాట పుస్తకాల ప్రకారం సరైనదే. కానీ ఆ మాట విని నష్టపోయినవాడిని నేను. మేడారం జాతరకు ప్రతిసారీ కెమెరాతో వెళ్తాను. 2012 జాతర ఫొటోలు ఉన్న డిస్కు ఇలాగే మొరాయించినప్పుడు, తెలిసినవారు మొత్తం క్లోన్ చేయమన్నారు, చేయబోయాను. క్లోన్ మొదటి సెక్టారు నుంచి వరుసగా సాగుతుంది. చెడిన భాగం సీ డ్రైవ్‌లో, ఎవరికీ అక్కరలేని విండోస్ ఫైళ్ల మధ్య ఉంది. రాత్రంతా అక్కడే కొట్టుకొని, తెల్లవారేసరికి డిస్కు పూర్తిగా చచ్చిపోయింది. ఫొటోలు ఉన్న డ్రైవ్ దాకా అది వెళ్లనే లేదు. గద్దె మీదికి అమ్మవార్లు వచ్చే ఘట్టం ఆ ఏడు నేను తీసినంత దగ్గరగా మళ్లీ తీయలేకపోయాను.

ప్రాణం కొంతే మిగిలిన డిస్కు చేత దేన్ని చదివించాలన్నది మనం తేల్చుకోవాలి. బాలసముద్రం గారి పాటలు మహా అయితే ఆరేడు జీబీలు ఉంటాయి. వాటి కోసం 80 జీబీలు చదివించడం ఎందుకు? లైనక్స్‌లో రాయడానికి వీల్లేకుండా, చదవడానికి మాత్రమే డిస్కును తెరిచి (మౌంట్ చేసి), పాటల ఫోల్డర్‌ను ముందు బయటికి తెచ్చుకోండి. ఆ తర్వాత మిగిలిన ఓపికతో నకలు తీసుకోవచ్చు.

కాజీపేట జంక్షన్:

పరకాల గారికి జరిగిన నష్టం చిన్నది కాదు. అయితే అక్కడ తప్పు నకలుది కాదు, వాడిన సాఫ్ట్‌వేర్‌ది. మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ చెడిన సెక్టారు దగ్గర పట్టుబట్టి మళ్లీ మళ్లీ చదవబోతుంది. డీడీరెస్క్యూ అలా చేయదు. చెడిన చోటు తగలగానే దాన్ని దాటి ముందుకు దూకి, సులువుగా వచ్చేదంతా మొదటి విడతలో తీసుకుంటుంది. ఎక్కడెక్కడ వదిలేసిందో మ్యాప్‌ఫైల్ అనే చిట్టాలో రాసుకొని, కష్టమైన చోట్లకు తర్వాతి విడతల్లో తిరిగి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ చిట్టా ఉంటే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది, అందుకే చిట్టాను మంచి డిస్కులోనే ఉంచాలి. డిస్కు వేడెక్కితే ఆపి, చల్లారాక కొనసాగించవచ్చు. ఫోల్డర్ కాపీలో ఈ సౌకర్యం ఏదీ లేదు. ఒక్క పాట దగ్గర చిక్కుకుంటే దాని వెనుక ఉన్న వంద పాటలూ ఆగిపోతాయి.

నైంనగర్:

ఈ చర్చ డిస్కు తిరుగుతున్నప్పటి సంగతి. తిరగకూడని డిస్కును తిప్పితే ఏమవుతుందో నేను చూశాను. 2023 జులై వరదలో మా ఇంట్లోకి నీళ్లు వచ్చి కంప్యూటర్ మునిగింది. నేను డిస్కును రెండు రోజులు ఎండలో పెట్టి, ఆరిపోయిందనుకొని కరెంటు ఇచ్చాను. గరగరమని శబ్దం చేసి ఆగిపోయింది. తర్వాత సికింద్రాబాద్‌లో డేటా రికవరీ చేసేవారి దగ్గరికి తీసుకెళితే, లోపలి పళ్లేల మీద ఎండిన బురదకు డేటా చదివే హెడ్డు గీసుకుపోయి పూత లేచిందని, తడిగా ఉన్నప్పుడే తెచ్చి ఉంటే శుభ్రం చేసి చూసేవారమని చెప్పారు. హెడ్డుకూ పళ్లేనికీ మధ్య ఉండే ఖాళీ కొన్ని నానోమీటర్లేనట, దుమ్ము రేణువుకు కూడా అక్కడ చోటు లేదు. కిందపడిన డిస్కు, తడిసిన డిస్కు, టక్ టక్‌మనే డిస్కు అయితే ఈ రెండు పద్ధతులూ పక్కన పెట్టి, దానికి కరెంటు ఇవ్వకుండా అలాగే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లాలి. డిస్కును ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పేవారిని అసలే నమ్మకండి, బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది.

బాలసముద్రం:

డిస్కు కింద పడలేదు, తడవలేదు. చెవి దగ్గర పెట్టి విన్నాను, సమంగా తిరుగుతోంది, మధ్యలో చదవడానికి తడబడినట్టు ఆగుతుంది. పరకాల గారు చెప్పినట్టు నాకు కావలసింది పాటల ఫోల్డర్ ఒక్కటే. నాన్నగారు పాటల మాటలను పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో టైపు చేసుకున్నారు, అవీ ఆ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. అందువల్ల ముందు ఫోల్డర్ కాపీ వైపే మొగ్గుతున్నాను.

కరీంనగర్ డీటీపీ:

పేజ్‌మేకర్ మాట వచ్చింది కాబట్టి ఆగండి. ఆ పాటల మాటలు అను ఫాంట్లలో టైపు చేసినవే అయి ఉంటాయి, ఆ రోజుల్లో శుభలేఖ నుంచి కరపత్రం దాకా మేమందరం వాటితోనే పని చేశాం. అవి ఇప్పుడు అన్ని కంప్యూటర్లలో తెలుగు చూపించే యూనికోడ్ కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చిన ఫాంట్లు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. మీ నాన్నగారు వాడిన ఫాంట్లు పాటల ఫోల్డర్‌లో లేవు, సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ అనే చోట ఉన్నాయి. పరకాల గారు ఎవరికీ అక్కరలేదన్న చోటే ఉన్నాయి.

నా దగ్గరికి పాత ఫైళ్లు తెచ్చేవారిలో చాలామందిది ఇదే కథ. కావలసినవి తీసుకున్నామనుకొని పాత డిస్కును పాత సామాన్ల వాళ్లకు వేశాక, ఫలానాది మిగిలిపోయిందని వస్తారు. ఒకాయన లెక్కల ఫైళ్లన్నీ తెచ్చుకున్నారు, వాటిని తెరిచే ప్రోగ్రామును తెచ్చుకోలేదు. మరొకరు డెస్క్‌టాప్ మీద కనిపించిన ఫోల్డర్లను కాపీ చేసుకున్నారు, ఆ డెస్క్‌టాప్ వేరే యూజర్ పేరుతో ఉన్నదని, అసలైన ఉత్తరాలు రెండో యూజర్ కింద ఉన్నాయని ఆలస్యంగా తెలిసింది. డిస్కులో ఏమేమి కావాలో ఇవాళ మనకు తెలియదు, లేదని తెలిసిన రోజే తెలుస్తుంది. అందుకే నేను నకలు పక్షాన ఉన్నాను.

అయినా పరకాల గారి భయానికి ఒక ఉపాయం ఉంది. డీడీరెస్క్యూకు తోడుగా డీడీఆర్‌యుటిలిటీ అనే పనిముట్ల పెట్టె ఉంది. అందులో ఒకటి ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను అమర్చే పద్ధతి) పార్టిషన్‌లో నిజంగా ఫైళ్లు ఉన్న భాగాల పటం తయారు చేస్తుంది. ఆ పటాన్ని డీడీరెస్క్యూకు ఇస్తే ఖాళీ జాగాను వదిలేసి వాడిన చోట్లనే చదువుతుంది. ముందు పాటలున్న డీ డ్రైవ్‌కు అలా చేసి, తర్వాత సీ డ్రైవ్‌కు చేయండి. వరుస మీ చేతిలో ఉంటుంది, నకలూ వస్తుంది.

పరకాల స్టూడియో:

ఫాంట్ల సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. డీ డ్రైవ్ ముందు, సీ డ్రైవ్ తర్వాత అనే వరుస కూడా బాగుంది. అయినా నా మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను. లైనక్స్ కమాండ్లు ఎప్పుడూ చూడనివారు డీడీరెస్క్యూలో ఏ డిస్కు నుంచి ఏ డిస్కుకు అన్నది తారుమారు చేస్తే, కొత్త ఖాళీ డిస్కు తెచ్చి పాత పాటల మీద రాసినట్టవుతుంది. ఇంట్లో చేసేవారికి ఫోల్డర్ కాపీలో ఆ ప్రమాదం తక్కువ. కమాండ్ మీద భరోసా లేనివారికి నా పద్ధతే చెబుతాను.

కాజీపేట జంక్షన్:

ఆ ప్రమాదం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎంటర్ నొక్కే ముందు డిస్కుల జాబితాలో సైజు చూసి పోల్చుకోవాలి. పాతది 80 జీబీ, కొత్తది 1 టీబీ అయితే పొరపడే వీలు తక్కువ. నేరుగా డిస్కు మీదికి కాకుండా, కొత్త డిస్కులో ఒక ఫైలుగా నకలు తీసుకోవడం ఇంకా మంచిది. బాలసముద్రం గారూ, కావాలంటే మీ తమ్ముడిని డిస్కుతో పంపండి, పక్కన కూర్చొని చేయిస్తాను.

బాలసముద్రం:

తమ్ముడు నిన్న కాజీపేట వెళ్లి వచ్చాడు, చాలా కృతజ్ఞతలు. కరీంనగర్ గారు చెప్పిన వరుసలోనే చేశారు. డీ డ్రైవ్ మొదటి విడత రెండు గంటల్లో అయిపోయింది. సీ డ్రైవ్‌లో చాలా చోట్ల ఆగింది, రెండుసార్లు డిస్కును చల్లార్చవలసి వచ్చింది. అన్నీ అయ్యాక చదవలేకపోయింది మొత్తం 37 ఎంబీ. ఫాంట్లు వచ్చాయి. పాటల్లో మూడు ఫైళ్లు దెబ్బతిన్నాయి. రెండింటిలో మధ్యమధ్య చిన్న చిన్న ఖాళీలు వినిపిస్తున్నాయి. మూడోది, నాట్ల పాట, పేరు, సైజు సరిగ్గానే ఉన్నాయి కానీ ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోవడం లేదు. దీనికి పోయిన ఫైళ్లను వెతికే ఫొటోరెక్ లాంటి ప్రోగ్రాము వాడాలా?

కాజీపేట జంక్షన్:

దీనికి ఫొటోరెక్ పనికి రాదు. అది ఫైలు మొదట్లో ఉండే గుర్తును పట్టుకొని వెతుకుతుంది, మీ ఫైలులో పోయిందే ఆ మొదలు. చదవలేని చోట నకలులో సున్నాలు ఉంటాయి కాబట్టి, వేవ్ అనే ఈ ధ్వని ఫైలు ఎలాంటిదో చెప్పే మొదటి 44 బైట్లు తుడిచిపెట్టుకుపోయాయి. వెనుక ఉన్న ధ్వని అలాగే ఉంటుంది. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో రా డేటాగా ఇంపోర్ట్ చేసే వీలుంది. అందులో సైన్డ్ 16 బిట్, లిటిల్ ఎండియన్, మోనో, 44,100 హెర్ట్జ్ అని పెట్టి చూడండి. హోరు మాత్రమే వినిపిస్తే బిట్ల లెక్క తప్పు. పాట వినిపించి వేగం తేడాగా ఉంటే హెర్ట్జ్ మార్చాలి.

బాలసముద్రం:

44,100 పెడితే పాడినవాళ్ల గొంతులు చిన్నపిల్లల గొంతుల్లా, రెట్టింపు వేగంతో వచ్చాయి. పక్కనే ఉన్న మంచి ఫైలు వివరాలు చూస్తే 22,050 అని ఉంది. అదే పెట్టాను. నాన్నగారు విని, పాట ఎత్తుకున్న చోటు పోలేదని, ఆరంభంలో సెకనులో పదో వంతు నిశ్శబ్దం తప్ప మిగతాదంతా ఉందని చెప్పారు. దీన్ని కొత్త పేరుతో దాచి, నకలు ఫైలును రెండో డిస్కులోకి కూడా ఎక్కిస్తున్నాను.